గరిటె ఎంత ఎత్తులో ఉంది

పోయిన నెల ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిందంట. నేను ఇరవై రెండేళ్ళు చేసి దిగిపోయిన ఉద్యోగమే. "మేడం, ఫీల్డుకు పోయే ముందర ఏం చదువుకోవాల?" అని అడిగింది. "చదివేది తర్వాత చూసుకో. ముందు కడుపు ఖాళీ పెట్టుకోని పో. మధ్యాహ్నం పిల్లల వరసలో కింద కూచోని తిను" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ముసలామె పరాచికాలాడతాంది అనుకునుంటాది. పరాచికం కాదు. ఫోన్లో అంతా చెప్పలేక ఇది రాస్తాండాను.

నాకొచ్చిన ప్రమోషన్లు, నేను కూచున్న ట్రైనింగులు ఇందులో రాయను. శాలువాలు మూడు కప్పినారు, మూడూ ఇస్త్రీ బల్ల మీద పరుచుకున్నాము. ఇంకా దాని గురించి చెప్పేదేముంది.

మా పని ఇది. ఆదోని, ఎమ్మిగనూరు, పెద్దకడుబూరు, పత్తికొండ పక్క హైస్కూళ్ళలో తొమ్మిది, పది పిల్లలకు హెచ్.ఐ.వి. గురించి పాఠాలు చెప్తారు. ఎట్లొస్తాది, ఎట్ల రాదు, రాకుండా ఎట్ల చూసుకోవాల, వచ్చినోళ్ళతో ఎట్లుండాల. చెప్పేది బడి సార్లు. చెప్పింది పిల్లలకు ఎక్కిందా లేదా అని చూసేది మేము. పాఠానికి ముందర ఒక ప్రశ్నపత్రం ఇస్తాము, పాఠాలన్నీ అయినాక మళ్ళా అదే ఇస్తాము. రెండింటికీ తేడా చూసి రిపోర్టు రాస్తాము.

మా ఆయన బంధువుల దగ్గర ఎప్పుడూ నా ఉద్యోగం పేరు పూర్తిగా చెప్పలేదు. "హెల్తులో చేస్తాది" అని ఆపేసేవాడు. ఆ తర్వాత వాళ్ళంతా నన్ను నర్సమ్మ అనుకోని మోకాళ్ళ నొప్పులకు మాత్రలడిగేవాళ్ళు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నేనే నూనె పట్టించండి, తగ్గుతాది అని చెప్పి పంపించేదాన్ని.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నేను ఎనిమిదో తరగతి నుంచి నూలు కండెలు చుట్టినదాన్ని. చీర కొనేవాడు పైమడత చూసి మురిసిపోతాడు, నేసినోడు మాత్రం లోపలి మడత తిరగేస్తాడు. మా నాయన అట్ల తిరగేసి చూస్తాంటే నాకు విసుగ్గా ఉండేది. ఉద్యోగంలో చేరినాక కూడా చానా ఏండ్లు నేను పైమడత చూసే బాపతులోనే ఉండినాను. ఆ సంగతి నాకు తెలియను కూడా తెలియదు.

నూటికి నూరు

చేరిన రెండో ఏడు. పత్తికొండ అవతల ఒక బడి. పాఠం అయినాక పెట్టిన పరీక్షలో క్లాసు క్లాసంతా నూటికి నూరు. ఒక్క పిల్లకు కూడా తప్పు పోలేదు. నేను ఉబ్బి తబ్బిబ్బయినాను. మా పెద్దసారుకు అప్పుడే ఫోన్ చేసి చెప్పినాను. మా పెద్దసారంటే కర్నూలు ఆఫీసులో మా అందరికీ పైన ఉండే ఆయన. మాట తక్కువ మనిషి. "నూటికి నూరా? ఇంకోసారి చూడు" అని ఫోన్ పెట్టేసినాడు. ఈయన ఎవరి సంతోషమూ ఓర్వడు అనుకున్నాను.

బస్సు రాను ఇంకా టైముంది. వరండాలో ఒక పిల్లోడు నిలబడి బలపం నములుతాండాడు. ఊరకుండలేక అడిగినాను.

"హెచ్.ఐ.వి. ఎట్లొస్తాదప్పా?"

"నాలుగు మార్గాల మేడం."

"ఏమేం మార్గాలు?"

"సీ, ఏ, బీ, బీ మేడం" అన్నాడు వాడు. తడుముకోకుండా చెప్పినాడు.

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియలేదు. వానికి జవాబులు రావు, జవాబుల ముందరుండే అక్షరాలొస్తాయి. మర్నాడు అదే ప్రశ్నలకు జవాబుల వరస మార్చి ఇచ్చినాను. బడి మొత్తం బోర్లా పడింది. పోయి సైన్సు సారును నిలదీస్తే ఆ మనిషి ఏమాత్రం బెదరలేదు. "మీరు ఇంత దూరం ఎండలో వచ్చినారు మేడం. మీ రిపోర్టు బాగుండాల్నని నేనే రాత్రంతా బట్టీ పట్టించినా" అన్నాడు. ఆయన లెక్కలో అది నాకు చేసిన మర్యాద. తిట్టను నోరు రాలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఈ మాట ముందే చెప్తాండాను. ఈ పక్క జనం వచ్చినోళ్ళను ఉత్తచేతులతో పంపరు. ఇంటికి పోతే టీ ఇస్తారు, చేనికి పోతే బుడ్డలు, అంటే శనక్కాయలు, ఇస్తారు, బడికి పోతే నూటికి నూరు మార్కులిస్తారు. తీసుకోని సంచిలో వేసుకోని వచ్చేస్తే మీ పని అయిపోయినట్లు కాదు.

ఇంకొక రకం సార్లుంటారు. పునరుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పుటలు తిప్పేస్తారు. ఇంటికాడ ఎవరు చెప్తారయ్యా, అవ్వ చెప్తాదా? అట్ల పాఠం ఎగరగొట్టిన బడికి పోయి పిల్లలకేం తెలియదు అని రిపోర్టు రాయడం పిల్లలకు అన్యాయం. అట్లాంటి చోట నేను పిల్లల కాగితాలు పక్కన పెట్టి, సారు పాఠం చెప్పినాడా లేదా అన్నదే రాసేదాన్ని. దానికి కొందరు సార్లకు నామీద కోపం ఉండేది, ఇప్పుడు కూడా ఉంటాది. ఉండనీ.

మిఠాయి డబ్బా

ప్రశ్నపత్రం మీద నమ్మకం సడలినాక ఒక డబ్బా పెట్టడం మొదలుపెట్టినాను. మిఠాయి అంగట్లో ఇచ్చే అట్టడబ్బా, మూతకు చీలిక కోసి. పేరు రాయకుండా ఎవరికి ఏ అనుమానముంటే అది చీటీ మీద రాసి వేయొచ్చు. నేను అందరి ముందర చదివి జవాబు చెప్తాను.

ఆ డబ్బాలో నుంచి వచ్చినంత సదువు నాకు ఏ ట్రైనింగులోనూ రాలేదు. దోమ కుడితే వస్తాదా అని ప్రతి బడిలోనూ ఉంటాది. ఇంకొకటి ఈ పక్క బడుల్లో తప్ప యాడా రాదు. "ఉరుకుంద ఈరన్న సామికాడ గుండు గీయించుకుంటాము. వరసగా చానామంది కూచుంటారు. కత్తితో వస్తాదా?" మా పుస్తకంలో సూది ఉంది, రక్తం ఎక్కించేది ఉంది, గుండు గీసేది లేదు. పుస్తకం రాసినోళ్ళు ఉరుకుందకు పోయుండరు. "బ్లేడు కొత్తది వేస్తే భయం లేదు. వేయన్నా అని అడిగి మరీ వేయించుకో" అని చెప్పినాను. ఆ మాట అప్పటినుంచి అన్ని బడుల్లో చెప్తా వచ్చినాను.

ఒక చీటీలో "మేడం, మీరు పరీక్ష చేయించుకున్నారా?" అని ఉండింది. నేను గొంతు సవరించుకోని తర్వాతి చీటీ తీసినాను. పిల్లలు గమనించినారు. పిల్లలు అన్నీ గమనిస్తారు. ఆ వారమే ఆదోని ఆసుపత్రికి పోయి చేయించుకున్నాను, మరుసటి ఏడు నుంచి అడిగితే "చేయించుకున్నా" అని చెప్పగలిగినాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాల్నంటే ఖాజా సారు గురించి చెప్పాల. ఆదోని మనిషి. పెద్దకడుబూరు మండలంలో ఒక ఊరి బడిలో జీవశాస్త్రం చెప్పేవాడు. ఊరి పేరు రాయను. మహా సిగ్గరి. కండోము అనే మాట వచ్చినప్పుడు పిల్లల వైపు చూడలేక బోర్డు వైపు తిరిగి చెప్పేవాడు. పిల్లలు కూడా తలలు కిందికేసుకోని వినేవాళ్ళు. అయినా ఒక్క ముక్క దాటేయలేదు. నేను చూసిన సార్లలో ఆయనే మేలు అని ఎవరడిగినా చెప్తాను.

నేను చదివిన చీటీ

ఆ బడికి డబ్బా తీసుకోని పోయినాను. పదో తరగతి. ఖాజా సారు పాఠాలన్నీ అయిపోయినాయి, మార్కులు బాగా వచ్చినాయి, ఈసారి అక్షరాలు కూడా మార్చి ఇచ్చినాను. నిజమైన మార్కులే. నేను మంచి ఉషారులో ఉన్నాను. నాలుగో చీటీయో ఐదో చీటీయో తీసినాను. గట్టిగా చదివినాను.

"మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాయన ఈ రోగంతోనే చచ్చిపోయినాడు. ఆ యమ్మాయి పక్కన కూచుంటే ఏమన్నా అయితాదా?"

చదవడం ముగియకముందే క్లాసు తలలన్నీ ఒకే పక్కకు తిరిగినాయి. మూడో బెంచీలో గోడ వైపు కూచున్న పిల్ల వైపు. నాగవేణి అనుకోండి, పేరు మార్చినాను. ఆ పిల్ల నోటుబుక్కులో ఏందో రాసుకుంటాంది, తల ఎత్తలేదు.

ఆడ ఆగినా బాగుండేది. నేను ఆగలేదు. "చాలా మంచి ప్రశ్న. ఎవరు రాసినారమ్మా, చెయ్యెత్తండి" అన్నాను. పేరు లేకుండా రాయమని చెప్పింది నేనే, పేరు అడిగింది నేనే. ఒక్క చెయ్యి లేయలేదు. "ఏమీ కాదు. పక్కన కూచుంటే రాదు, కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు" అని పుస్తకంలో ఉండేది చెప్పి తర్వాతి చీటీ తీసినాను. అది దోమ చీటీ. పిల్లలు నవ్వినారు, నేనూ నవ్వినాను.

మధ్యాహ్నం హెడ్మాస్టరు రూములో నాకు క్యారియరు వచ్చింది. ఎమ్మిగనూరు హోటలు నుంచి తెప్పించినారు. పైనుంచి వచ్చిన మేడానికి బడి అన్నం పెడితే మర్యాద కాదని. బెండకాయ వేపుడు బాగుండింది. తిని, చెయ్యి కడుక్కోని, రిపోర్టులో "పిల్లలు నిర్భయంగా ప్రశ్నలు అడుగుతున్నారు" అని రాసి బస్సెక్కినాను.

రెండు వారాలకు మిగిలిన కాగితాల కోసం మళ్ళీ పోతే ఖాజా సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్ల బడికి రాడంలేదు మేడం" అన్నాడు. "మీరు వచ్చిపోయినాక మూడు దినాలు వచ్చింది. అంతే. సోమవారం వాళ్ళమ్మ సుగ్గికి పోతాదంట. పిల్లను కూడా తీసుకోని పోతాదంట."

సుగ్గి అంటే ఈ పక్కోళ్ళకు చెప్పాల్సిన పని లేదు. బయటోళ్ళ కోసం చెప్తాను. వానలు లేని మా ఊర్ల నుంచి జనం టెంపోలెక్కి గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోతారు. రెండు మూడు నెలలు ఆడే ఉంటారు. పదో తరగతి పిల్ల ఆ టెంపో ఎక్కిందంటే పరీక్షలు పోయినట్లే. పరీక్షలు పోయిన ఆడపిల్ల మళ్ళా బడికొచ్చేది చానా తక్కువ. ఆ రోజు బుధవారం. సోమవారానికి ఐదు దినాలుంది.

"ఎవరో రాసిన చీటీకి ఈ పిల్ల బలయింది సారూ" అన్నాను. ఖాజా సారు బండి తీసినాడు.

ఆడ తినండి

ఊరి చివర ఇల్లు. నాగవేణి తల్లి ఉరుకుందమ్మ గడప మీద కూచోని మూటలు కడతాంది. లోపల ఒక ముసలవ్వ పడుకోనుంది. ఆమె ఊర్లోనే ఉంటాది, మిగిలినోళ్ళే పోతారు. ఉరుకుందమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"డబ్బా మేడం నువ్వేనా?" అనింది.

నేనే అన్నాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. రాసినోళ్ళెవరో తెలిస్తే మాట్లాడతాను అన్నాను. అప్పుడు నాగవేణి లోపలినుంచి వచ్చింది.

"రాసింది నేనే మేడం."

"నువ్వా? ఎందుకమ్మా?" అన్నాను.

"అందరికీ తెల్సు మా నాయన సంగతి. వెనకల వెనకల అనుకుంటారు. మీలాంటోళ్ళు గట్టిగా చెప్తే వింటారని రాసినా. మీరు చెప్పినారు. ఏమీ కాదని చెప్పినారు." ఆ పిల్ల చానా శాంతంగా చెప్పింది. "చెప్పినాక అందరూ నన్ను చూడడం ఆపి మిమ్మల్ని చూసినారు మేడం. మీరు వచ్చి నా పక్కన కూచుంటారేమో అని. మీరు కూచోలేదు. అన్నం కాడికన్నా వస్తారేమో అనుకున్నా. మీకు క్యారియరొచ్చింది."

ఇరవై ఏండ్లు పిల్లలకు పరీక్షలు పెట్టినదాన్ని. ఆ దినం క్లాసంతా కలిసి నాకు పరీక్ష పెట్టినారని నాకు తెలియనే లేదు. ఇది రాస్తాంటే ఇప్పుడు కూడా సిగ్గయితాది.

"మరుసటి దినం నుంచి తిక్కమ్మవ్వ కూడా మారిపోయింది" అనింది నాగవేణి. తిక్కమ్మ బడిలో వంట చేసే ఆమె. "అందరికీ గరిటె పళ్ళెంలో ఆనించి వేస్తాది. నాకు ఇంత ఎత్తు నుంచి పోస్తాది." చెయ్యి ఎత్తి చూపించింది. మూరెడు పైనే ఉంటాది. "సాంబారు లంగా మీద పడతాది. అందరూ చూస్తారు."

అప్పుడు నేను ఒక పని చేసినాను. గొప్పగా చేస్తాండాననే అనుకున్నాను. "అమ్మా, ఇంత అన్నం పెట్టు. మీ ఇంట్లో తింటాను" అన్నాను. నాగవేణి నా ముఖం చూసింది.

"ఈడ తింటే ఎవరు చూస్తారు మేడం? ఆడ తినండి."

ఖాజా సారు గోడ వైపు తిరిగి నిలబడినాడు. ఉరుకుందమ్మ మూట ముడి బిగించి అప్పుడు చెప్పింది.

"తింటావమ్మా, ఒక దినం తింటావు. బస్సెక్కి పోతావు. మరుసటి దినం ఎవరు తింటారు? ముందర పొద్దున్నే నలుగురు పిల్లలు ఈ గడప కాడ నిలబడి 'నాగవేణీ, రావే' అని అరిచేటోళ్ళు. ఇప్పుడు ఈ దారి వదిలిపెట్టి ఆ సందు తిరిగి పోతాండారు. సోమవారం పొద్దున టెంపో వస్తాది. అప్పటిలోగా ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్క పిల్ల వచ్చి ఈడ నిలబడి పిలిస్తే దీన్ని మా అత్త కాడ వదిలి పోతా. లేదంటే నాతోపాటే. నా కండ్ల ముందరన్నా ఉంటాది."

సరే అన్నాను. మూడు దినాలు బడికి పంపమని మాత్రం బతిమాలినాను. పంపుతానని ఒప్పుకుంది.

ఈ కత చదువుతాండే మీలో కొందరికి ఒక ప్రశ్న పుట్టి ఉంటాది. ఆ పిల్లకు ఉందా, లేదా? తల్లికి ఉందా? నేను అడగలేదు. మీరు కూడా ఎప్పుడూ అడగొద్దు. దానితో మీకు పని లేదు.

త్రాసులో చెయ్యి

సాయంత్రం పెద్దసారుకు ఫోన్ చేసి అంతా చెప్పినాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"సరోజా, మనం తూకం వేసేవాళ్ళం. త్రాసులో చెయ్యి పెట్టకూడదు. నువ్వు పోయి కూచోని తింటే ఆ బడిలో మారింది పాఠంతో మారిందా, నీతో మారిందా? రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా పనికి ప్రాణం అదే. కానీ చెయ్యి నేను ముందే పెట్టేసినాను కదా, ఆ చీటీ చదివిన దినమే. "అయితే మూడు దినాలు సెలవియ్యండి సార్" అన్నాను. "ఏం పని మీద?" అన్నాడు. "భోజనానికి పోవాల" అన్నాను. "ఆ బడి లెక్కలు ఈ ఏడు రిపోర్టులో రావు, తెలుసు కదా" అని పెట్టేసినాడు. రాలేదు కూడా. తీసేసినారు, తీసేయాల్సిందే.

గురువారం మధ్యాహ్నం పళ్ళెం తీసుకోని వరండాలో నాగవేణి పక్కన కూచున్నాను. మాకు అటు నలుగురు కూచునే జాగా ఖాళీ, ఇటు నలుగురు కూచునే జాగా ఖాళీ. హెడ్మాస్టరు కిటికీలో నుంచి తొంగి చూసి క్యారియరు సంగతి గుర్తుచేసినాడు. మీరే తినండి సార్ అన్నాను. తిక్కమ్మ సాంబారు బక్కెట తీసుకోని వరసలో వచ్చింది. నాగవేణికి పైనుంచి పోసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. నాకూ పైనుంచే పోసింది.

సాంబారు నా చీర మీద, ముంజేతి మీద పడింది. వేడిగా ఉండింది. మంట కంటే సిగ్గే ఎక్కువ, వరండా అంతా నన్ను చూస్తాంటే తల ఎత్తలేకపోయినాను. నాగవేణి తన పళ్ళెంలోకి చూసుకుంటా "అలవాటయితాది మేడం" అనింది. నాకు నవ్వొచ్చింది, కండ్లలో నీళ్ళూ వచ్చినాయి.

తిన్నాక నేరుగా వంటింట్లోకి పోయినాను, కడిగేద్దామని. తిక్కమ్మ గిన్నెలు తోముతాంది. నేను నోరు తెరిచేలోగా ఆమే మొదలుపెట్టింది.

"నా మనవళ్ళు నలుగురు ఈ బడిలోనే తింటారమ్మా. ఒకరి పళ్ళెంలో పెట్టిన గరిటె ఇంకొకరి పళ్ళెంలో పెట్టేది నేను. ఏమన్నా అయితే ఊరంతా నా మీదే పడతాది. నాకేం తెల్సు? మీరు పిల్లోళ్ళకు చెప్పినారు, నాకెవరన్నా చెప్పినారా?"

ఏమని కడిగేది? ఎవరూ చెప్పలేదు. మేము పుస్తకాలు అచ్చేసినాము, సార్లకు ట్రైనింగులిచ్చినాము, పిల్లలకు పరీక్షలు పెట్టినాము. బడిలో దినం దినం అందరికీ అన్నం పెట్టే మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. ఇరవై ఏండ్లలో మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

ఖాజా సారును పిలిచినాను. ఆయన పొయ్యి పక్కన పీట వేసుకోని తిక్కమ్మకు పాఠమంతా మొదటినుంచి చెప్పినాడు. సిగ్గు మాట వచ్చినప్పుడు అన్నం గుండిగ వైపు తిరిగి చెప్పినాడు. తిక్కమ్మకు ఏమీ సిగ్గు లేదు. "ఇటు తిరిగి చెప్పు సారూ, నాకు ఆరుమంది బిడ్డలు" అనింది. ఎంగిలి సంగతి నాలుగుసార్లు అడిగింది. గరిటె సంగతి, నీళ్ళ లోటా సంగతి, పిల్లోళ్ళు కొట్లాడుకోని కొరుక్కుంటే అప్పుడేమి అనే సంగతి, అన్నీ అడిగింది. మా ప్రశ్నపత్రం కంటే ఆమె ప్రశ్నలే బాగుండినాయి.

శుక్రవారం గరిటె జానెడు ఎత్తుకు దిగింది. శనివారం నాగవేణి పళ్ళెం అంచుకు తగిలి ఠంగుమంది. ఆ చప్పుడుకు ఇద్దరు పిల్లలు తల తిప్పి చూసినారు, మళ్ళా తినుకుంటా పోయినారు. ఖాళీ జాగాలో ఒక ఆరో తరగతి పిల్ల వచ్చి కూచుంది. ఆ పిల్లకు ఏ సంగతీ తెలియదు, నీడ ఉందని కూచుంది.

అయినా మూడు దినాలూ ఆ గడప కాడికి పిలవను ఒక్క పిల్ల రాలేదు. పదో తరగతి ఆడపిల్లలను పట్టుకోని నేను అడగొచ్చు. "పోయి పిలవండమ్మా" అంటే పోతారు, మేడం చెప్పిందని. ఖాజా సారు కూడా అదే అన్నాడు, చెప్పమంటారా అని. వద్దన్నాను. బట్టీ పట్టించి పంపించినట్లుంటాది. ఆదివారం పొద్దంతా ఇంట్లో కాలు నిలవలేదు. వద్దనడం తప్పేమో, ఒక పిల్ల బతుకు కాడ నా నీతులేంది అని పది సార్లు అనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేసినాను.

సోమవారం

తెల్లారి మొదటి బస్సుకు పోయినాను. టెంపో అప్పటికే ఇంటి ముందర ఉంది. వంట సామాన్లు, మూటలు, మూటల మీద జనం. నాగవేణి కూడా ఎక్కి కూచోనుంది, బడి సంచి లేదు, కొత్త గాజులేసుకోనుంది. డ్రైవరు హారన్ కొడతాండాడు. ఉరుకుందమ్మ నన్ను చూసింది, దారి వైపు చూసింది, తానూ ఎక్కింది.

అప్పుడు సందు తిరిగి ఒక పిల్ల వచ్చింది. రాజేశ్వరి, అదే క్లాసు. చీటీ చదివిన దినం అందరికంటే ముందర తల తిప్పిన పిల్ల. చేతిలో సైన్సు రికార్డు పట్టుకోని వగరుస్తా వచ్చింది. గడప కాడికి పోయింది. ఇంట్లోకి చూసి "నాగవేణీ" అని అరిచింది. ముసలవ్వ టెంపో వైపు చెయ్యి చూపించింది.

రాజేశ్వరి టెంపో కాడికొచ్చి పైకి చూసింది.

"ఏమే, యాడికి పోతాండావు? ఈ పొద్దే రికార్డులియ్యాలంట. మూత్రపిండం బొమ్మ నాకు రాడంలేదు. ఎప్పుడూ నువ్వే కదా వేసిచ్చేది. దిగు, దిగు, టైమయిపోతాంది."

జాలి లేదు, ప్రేమ లేదు, నేను చెప్పిన పాఠం ఒక్క ముక్క లేదు. ఆ పిల్లకు బొమ్మ కావాల. నాగవేణి తల్లి వైపు చూసింది. ఉరుకుందమ్మ మూటల్లో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న ఒక చిన్న బట్టల మూట లాగి బిడ్డ చేతికిచ్చింది. నాగవేణి దూకింది. ఇంట్లోకి పోయి సంచి తెచ్చుకుంది. అప్పుడే రాజేశ్వరి రికార్డు తెరిచి చూపిస్తా నడిచింది. "ఇంత పెద్దగా వేసినావేమే, ఇది మూత్రపిండమా, గుమ్మడికాయా?" అంటాంది నాగవేణి. ఇద్దరూ నా పక్కనుంచే పోయినారు. నన్ను చూసినట్లు కూడా లేదు.

నేను టెంపో దగ్గరికి పోయినాను. ఏమన్నా మంచి మాట చెప్దామని, అప్పుడప్పుడు వచ్చి పిల్లను చూసిపోతానని చెప్దామని. ఉరుకుందమ్మ పైనుంచి వంగింది. కోపం లేదు ముఖంలో.

"నువ్వు చేసిన మేలు మరిచిపోనమ్మా. ఒక్కటడుగుతా. ఇంక ఈ ఊరికి రావద్దు. నువ్వు కనపడితే అందరికీ ఆ చీటీ గుర్తుకొస్తాది."

టెంపో కదిలింది. సరేనమ్మా అని నేను అనింది ఆమెకు వినపడిందో లేదో.

ఆఫీసుకు పోయి ఆ బడిని వేరేవాళ్ళకు రాయించినాను. ఎందుకని పెద్దసారు అడగలేదు. ఆ తర్వాత ఖాజా సారు ఆదోని బజారులో రెండుసార్లు ఎదురుపడినాడు. రెండుసార్లూ ఆ పిల్ల సంగతి చెప్పబోయినాడు, రెండుసార్లూ నేనే మాట మార్చినాను. వింటే పోవాల్ననిపిస్తాది, పోతే మాట తప్పినట్లయితాది. ఇన్నేండ్ల ఉద్యోగంలో ఏ బడిలో ఏమయిందో కనుక్కోకుండా వదలలేదు. ఆ పిల్ల పది పాసయిందో లేదో మాత్రం నాకు ఈ పొద్దుకు కూడా తెలియదు.